ఇస్త్రీ బల్ల అడుగున

ఊరూరా తిరిగేవాడికి ముందు కావలసింది తల దాచుకునే చోటు అనుకుంటారు. కాదు, దర్జీ. నడిచేవాడి జేబులే చిరుగుతాయి, నడిచేవాడి మోకాళ్ల దగ్గరే పంట్లాం పిగులుతుంది. అలా నేను చాలా ఊళ్లలో చాలామంది దర్జీల గుమ్మాల్లో కూర్చున్నాను. అందరూ ఒకే గురువు దగ్గర పని నేర్చినట్టు ఒకే మాట చెబుతారు: "రేపు రండి." ఆ రేపు ఏ క్యాలెండర్లోనూ దొరకదు. ఒక్కడు మాత్రం నా పాత కోటును వెలుతురుకు పట్టి, చిరుగులోంచి వీధిని ఓసారి చూసి, "గురువారం, దీపాలు పెట్టే వేళకి" అన్నాడు. గురువారం దీపాలు పెట్టే వేళకి కోటు కొక్కేనికి వేలాడుతోంది. ఆ వీధిలో అతన్ని మాట మేస్త్రీ అంటారని తర్వాత తెలిసింది.

ముందు గది కొట్టు, వెనక గది ఇల్లు. కొట్లో కిటికీ కింద కుట్టుమిషను, గోడ పొడవునా ఇస్త్రీ బల్ల. ఉత్త చెక్క మీద ఇస్త్రీ చేస్తే బట్ట మీద చెక్క చారలు పడతాయి. అందుకని బల్ల మీద మెత్తటి పాత గుడ్డలు దొంతరగా పేర్చి, వాటి మీద కంబళి పరిచి, అన్నిటికీ పైన ముతక గుడ్డ బిగించి చుట్టూ మేకులు కొడతారు. పై గుడ్డ మాడినప్పుడల్లా మారుస్తారు. అడుగున ఏముందో ఎవరూ చూడరు. ఇల్లు కట్టుకున్నవాడు పునాది రాళ్లను మళ్లీ చూస్తాడా?

మేస్త్రీ భార్య పోయి చాలా కాలమైంది. ఆమె ఆస్పత్రి మంచం మీద ఉన్నప్పుడు పక్కన కూర్చున్నది బడికి పోయే వయసున్న కూతురు. మేస్త్రీ ఎవరో పెళ్లివారి బట్టలు ఒప్పుకుని ఉన్నాడు. "ఇవి ఇచ్చేసి వస్తాను" అని కబురు పంపాడు. ఇచ్చేసే వచ్చాడు. వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది, దుప్పటి మడిచి పెట్టేశారు. కూతురు అరవలేదు, నిలదీయలేదు. పెద్దయ్యాక ఎవరితోనో ఒక్కసారి అందట: "మా నాన్న మాట తప్పని మనిషి. మా దగ్గర తప్పితే అది లెక్కలోకి రాదు."

ఇవన్నీ నాకు చెప్పింది పక్క కొట్లో గడియారాలు బాగుచేసే ముసలాయన. ఏది అడిగినా "ఒక్క నిమిషం" అంటాడు కాబట్టి ఆయన్ను నిమిషం అనే పిలుస్తారు. ఆ ఒక్క నిమిషంలో నా గడియారానికి పక్షం రోజులు గడిచాయి. నష్టమేం లేదు, ఆ పక్షంలోనే ఈ కథంతా విన్నాను. మేస్త్రీని అడిగితే మాత్రం సూదిలో దారం ఎక్కించుకుంటూ ఊరుకునేవాడు.

కూతురు పెద్దదై బస్సు కండక్టరయింది. భర్త వంతెనలు కట్టే పనిలో ఉన్నాడు. ఏ నది మీద కడితే ఆ నది ఒడ్డునే అతని కాపురం. ఆమెకు కాన్పు సెలవు అయిపోవచ్చింది. పాపను చూసుకుంటానన్న అత్తగారు కాలు జారి పడి మంచం పట్టింది. డ్యూటీలో చేరకపోతే ఉద్యోగం పోతుంది. ఎటు చూసినా దారి లేక, ఒకనాటి పొద్దున్నే పాపను చంకనేసుకుని తండ్రి గుమ్మం ఎక్కింది.

"ఈ ఒక్కరోజే నాన్నా. సాయంత్రం వచ్చి చూసి, రేపటి సంగతి ఆలోచిస్తాను. కుదరకపోతే ఉద్యోగం మానేస్తాను."

"ఎందుకు కుదరదు?"

"నీకు గిరాకీలు ఉంటాయిగా."

ఆమె సంచీలోంచి పాలసీసా, గౌన్లు, డైపర్ల ప్యాకెట్టు తీసి బల్ల మీద పెట్టింది.

"బొమ్మ ఉన్న వైపు ముందుకి రావాలి. అతుకు పట్టీలు వెనకనుంచి."

"ముందేదో వెనకేదో నాకు చెబుతున్నావా అమ్మా?"

"పంట్లాలకైతే చెప్పక్కర్లేదు. ఇది పిల్ల."

ఆమె వెళ్లిన కాసేపటికే వాన అందుకుంది. మామూలు వాన కాదు, ఆకాశానికి చిల్లు పడ్డట్టు కురిసింది. వీధి చివర పెద్ద మురికికాలువ పొంగింది. కొట్ల తలుపులు ఒకదాని తర్వాత ఒకటి మూసుకున్నాయి, కరెంటు పోయింది. పైగా పాపకు పళ్లొచ్చే రోజులు. విరేచనాలు పట్టుకున్నాయి. ఒకటి మార్చి చేతులు కడుక్కునేలోపు ఇంకోటి. ప్యాకెట్టు చూస్తుండగానే పలచబడింది.

అప్పుడు మేస్త్రీ చేసిన పని దర్జీ తప్ప ఇంకెవరూ చేయరు. ఇంత పలచటి వస్తువు అంత నీరు ఎలా పట్టుకుంటుందో, లోపల ఏ లైనింగు వేశారో చూద్దామని ఒక కొత్త డైపరును కత్తెరతో నిలువునా చీల్చాడు. లోపలినుంచి దూదీ, ఉప్పులాంటి పొడీ బల్లంతా రాలాయి. కుట్టు అన్నదే లేదు, అంతా జిగురు. "కుట్టు లేకుండా బట్టేమిటి" అనుకుంటూ పొడిని తడిగుడ్డతో తుడవబోతే అది ఉబ్బి, జావలా బల్లంతా పాకింది. అది శుభ్రం చేసేసరికి పాప మళ్లీ ఏడుపు. సంచీలో చెయ్యి పెట్టాడు. మిగిలినది ఒక్కటే. అది తొడిగాడు. అదీ నిండిపోయింది.

ఆ ఏడుపుకి నిమిషం గోడ పక్కనుంచి వచ్చాడు, పంట్లాం మోకాళ్ల దాకా మడుచుకుని.

"ఏరా, నీ అలారం ఆగేట్టు లేదు. కీ ఎక్కువ తిప్పావా ఏంటి?"

"డైపర్లు అయిపోయాయిరా."

"గుడ్డల మధ్య బతుకుతూ గుడ్డ లేదంటావేంట్రా? సముద్రంలో చేప దాహమన్నట్టుంది."

ఆ మాట మేస్త్రీకి తగిలింది. టేపు తీసి పాప నడుము కొలిచాడు, తొడ కొలిచాడు. కొలిచినంతసేపూ పాప టేపును నోట్లో పెట్టుకుని చప్పరించింది. బీరువాలోంచి దళసరి కొత్త నూలుగుడ్డ తీసి, ముక్కోణంగా కత్తిరించి, మూడు మడతలేసి మిషను మీద కుట్టాడు. అంచులకు పైపింగు, ముందు రెండు కాజాలు, గుండీలు. తొడిగి చూస్తే నలకంత వంకర లేదు.

"అబ్బో," అన్నాడు నిమిషం. "కాలరొక్కటే తక్కువ. పిల్లను కచేరీకి పంపుతున్నావా?"

మేస్త్రీ నవ్వేలోపే గుడ్డ మీద పడిన నీరు గుడ్డలోకి పోకుండా, తామరాకు మీద జారినట్టు జారి పాప కాళ్లవెంట కారింది. కొత్త గుడ్డకు గంజి బిగువు ఉంటుంది, నీళ్లను దగ్గరికి రానివ్వదు. ఎన్నో ఉతుకులు తిని, ఎండలో ఎండి, పోగు పోగూ మెత్తబడ్డాక గాని గుడ్డకు దాహం వేయదు. అతనికి ఇది తెలియక కాదు. జీవితమంతా బట్ట ఎలా కనపడుతుందన్నదే చూసినవాడు, అదేం చేస్తుందన్నది ఆ తొందరలో మరిచాడు.

పాత గుడ్డల కోసం ఇల్లంతా వెతికాడు. అతని చొక్కాలన్నీ తడి పీల్చని టెరికాటు. దుప్పటి ఒకటి పాప ఎప్పుడో తడిపేసింది, రెండోది పొద్దున ఉతికి ఆరేసింది, దండెం మీదే నానుతోంది. తువ్వాలు చుడితే ఒరుసుకుని పాప తొడలు ఎర్రగా కందిపోయాయి. ఆ ఎరుపు చూడగానే అతని చేతులు ఆగిపోయాయి. సాయంత్రం తల్లి వచ్చి మొదట చూసేది అదే.

మేస్త్రీ పాపను నిమిషం చేతుల్లో పెట్టాడు. పట్టకారు తీసుకుని ఇస్త్రీ బల్ల దగ్గరికి నడిచాడు.

"ఒక్క నిమిషం, ఒక్క నిమిషం," అన్నాడు నిమిషం కంగారుగా. "కోటు సంగతో?"

కోటు కొక్కేనికి వేలాడుతోంది. తపాలా ఆఫీసు పెద్ద గుమాస్తాది. ఆ సాయంత్రం ఆయన ఉద్యోగ విరమణ సభ. కుట్టడం అయిపోయింది, ఇస్త్రీ ఒక్కటే మిగిలింది. ఇస్త్రీ పడని కోటు గోనెసంచితో సమానమని దర్జీలు అంటారు. టీ వేళకు ఇస్తానని మేస్త్రీ మాటిచ్చాడు.

మేస్త్రీ కోటువైపు చూశాడు, పాపవైపు చూశాడు. మొదటి మేకు పీకాడు.

పై గుడ్డ కింద పసుపు తిరిగిన కంబళి. దాని కింద పాత కర్టెన్ ముక్కలు. ఆ కింద, చెక్కకు అంటుకుని, చిన్న చిన్న చదరపు గుడ్డలు పొరలుపొరలుగా ఉన్నాయి. ఏళ్ల తరబడి పైనుంచి వేడి తగిలి వెన్నలా మెత్తబడ్డాయి. ఒకటి తీసి కిటికీ దగ్గరికి పట్టుకెళ్లాడు. పాత దుప్పటి చించి, అంచులు చేత్తో మడిచి కుట్టిన ముక్క. ఆ కుట్టు ఒకచోట పొడుగు, ఒకచోట పొట్టి, ఒకచోట దారి తప్పి మళ్లీ వెనక్కి.

కూతురు పుట్టిన కొత్తలో భార్య ఆ గుడ్డలు కుట్టుకుంటుంటే అతను నవ్వాడు. "దర్జీ పెళ్లానివి. నీ కుట్టేమో తాగినోడి నడక" అన్నాడు. ఆమె తల ఎత్తకుండానే, "మిషను ఎప్పుడు ఖాళీ అవుతుందో చెప్పండి, చక్కగా కుడతాను" అంది. మిషను ఖాళీ కాలేదు. కూతురు పెద్దదయ్యాక ఆమె ఆ పొత్తిగుడ్డల్ని ఉతికి, బల్ల గట్టిగా ఉందని అతను విసుక్కున్న రోజున, చెప్పకుండా అడుగున పరిచేసింది. ఆ తర్వాత ఊళ్లో ఎందరి పెళ్లికోట్లో, ఎందరి పంట్లాలో వాటి మీదే మడతలు తీరాయి. ఆస్పత్రికి వెళ్లకుండా అతను ఇస్త్రీ చేసిన ఆ పెళ్లిబట్టలు కూడా.

"ఏమైందిరా?" అన్నాడు నిమిషం.

"ఏం లేదు. నీళ్లు కాచాలి."

గుడ్డల్ని వేడినీళ్లలో ఉడికించి, పిండి, చేతులతో విదిల్చాడు. మరి ఆరేదెలా? ఎండ లేదు, కరెంటు లేదు. అటక మీదనుంచి బొగ్గుల ఇస్త్రీపెట్టె దింపాడు. మూలనున్న బస్తా దులిపితే వచ్చిన బొగ్గులు ఒక్క పెట్టెకి సరిపోయాయి, అంతే. బోసి చెక్క మీద గుడ్డ పరిచి, పెట్టె ఆనించాడు. ఆవిరి లేచింది. ఒకటి ఆరింది. రెండోది. గుడ్డల మీద చెక్క చారలు పడుతున్నా పట్టించుకోలేదు. డబ్బా నిండా గుండుసూదులూ పిన్నీసులూ ఉన్న మనిషి ఒక్కదాన్నీ పాప దగ్గరికి రానివ్వలేదు. నాడాతో ముడేసి కట్టాడు. గుడ్డ తడిని గుక్కతిప్పుకోకుండా తాగింది. కాసేపటికి పాప ఏడుపు ఆపి, నిమిషం మీసం పట్టుకుని లాగింది.

"మంటగా ఉందిరా!" అన్నాడు నిమిషం, వదిలించుకోకుండానే.

టీ వేళకు వాన కొంచెం నెమ్మదించింది. పెద్ద గుమాస్తా మోకాటి లోతు నీళ్లలో గొడుగేసుకుని వచ్చాడు. పెట్టెలో చివరి బొగ్గులు ఎర్రగా ఉన్నాయి. కోటు కొక్కేనికే ఉంది. బల్ల మీద ఇంకా రెండు తడి గుడ్డలు.

"కోటు మేస్త్రీ?"

"కాలేదండి."

"అయ్యో, ఆ పెట్టెలో నిప్పుందిగా! ఓసారి అలా అనండి, పట్టుకుపోతాను."

"బల్ల పీకేశానండి. ఈ చెక్క మీద చేస్తే ఉన్ని మీద చారలు పడి కోటే పాడవుతుంది. పైగా ఈ నిప్పు ఈ రెండింటికే చాలుతుంది." గుడ్డల్ని చూపించాడు. "మాట తప్పానండి. తప్పు నాదే."

గుమాస్తా ఏళ్లకేళ్లు ఇతరుల ఉత్తరాలు వేళకు చేరవేసిన మనిషి. నలిగిన కోటును చేతిమీద వేసుకుని, "మీరూ అదే తానులో ముక్కన్నమాట" అన్నాడు. ఆ మాటలో కోపం కంటే దిగులే ఎక్కువ. నీళ్లలో దిగి వెళ్లిపోయాడు.

నిమిషం ఆయన వెనకే అరవబోయాడు. మేస్త్రీ చేత్తో వారించి, మిగిలిన గుడ్డ మీద పెట్టె ఆనించాడు. ఇంకే రోజైనా ఆ మాట ఎవరన్నా సరే, అతను ఆ వారమంతా అన్నం మానేసేవాడని నిమిషం నాతో అన్నాడు.

దీపాలు పెట్టే వేళకు కూతురు వచ్చింది. తడిసి ముద్దయింది, భుజాన టిక్కెట్ల సంచీ. చెప్పులు విడవకుండానే, "పాపేదీ?" అంది. పాప మిషను పక్కన కంబళి మీద నిద్రపోతోంది. ఆమె వంగి గౌను ఎత్తి చూసింది. కందిన చోట కొబ్బరినూనె మెరుస్తోంది. నాడా ముడి కనపడింది.

"డైపర్లేవీ?"

"అయిపోయాయమ్మా. ఒకటి నేనే చీల్చేశాను."

"చీల్చడమేంటి?"

"లైనింగు చూద్దామని."

ఆమె నుదురు చిట్లించి గదంతా చూసింది. పీకిన మేకులు, బోసి బల్ల, కిటికీ చువ్వకు వేలాడుతున్న గుడ్డలు. ఒక గుడ్డను వేళ్లమధ్యకు తీసుకుంది. అంచు వెంట వేలు పోనిచ్చింది. పొడుగు, పొట్టి, మళ్లీ వెనక్కి. బడిగౌను అంచులు అమ్మ అలాగే కుట్టేది. పిల్లలు వెక్కిరించేవారు.

"అమ్మది," అంది.

"నీవే. నువ్వు వేసుకున్నవే."

"ఎక్కడ దాచావు?"

"నేను దాచలేదమ్మా," అన్నాడు మేస్త్రీ. "నాకు తెలియను కూడా తెలియదు. మీ అమ్మే పరిచింది. ఇన్నాళ్లూ వాటి మీదే..."

అంతసేపూ గుమ్మంలోనే ఉన్న నిమిషం ఉండబట్టలేక, "పెద్ద గుమాస్తా కోటు నలిగిందే నలిగినట్టు పోయిందమ్మా ఇవాళ. సభకి ముడతలతోనే వెళ్లాడు" అన్నాడు.

ఆమె తండ్రివైపు తిరిగింది. అంత తొందరగా క్షమించే స్వభావం కాదామెది. అయినా టిక్కెట్ల సంచీ భుజంనుంచి తీసి, కోటు వేలాడిన కొక్కేనికి తగిలించింది.

"రేపు మొదటి బస్సు నాది. ఇది లేచేసరికి నేనుండను."

"సరే."

"గిరాకీలొస్తే?"

అలవాటు కొద్దీ మేస్త్రీ నోరు తెరిచాడు, మాట ఇవ్వడానికి. ఇవ్వలేదు. "గుడ్డలున్నాయి" అన్నాడు.

ఆమె తలాడించి, పాలసీసా కడగడానికి వెనక గదిలోకి వెళ్లింది. మేస్త్రీ కంబళిని బోసి చెక్క మీద పరిచాడు. చిన్న గుడ్డల్ని మాత్రం కింద పెట్టలేదు. మడిచి, చెయ్యి చాపితే అందేట్టు మిషను మీద దొంతర పెట్టాడు.

నా కోటు అంతకు తర్వాతిది. వేళకే ఇచ్చాడు. వీపు మీద మాత్రం సన్నగా చెక్క చారలున్నాయి.