నేల మీద ఎనిమిది అంగుళాలు

ఆ రోజుల్లో గుడ్డ అంటే మాకు భయభక్తులు ఉండేవి. పాత చీర పావడా అయ్యేది, పావడా దిండు గలీబు అయ్యేది, గలీబు మసిగుడ్డ అయ్యేది. ఆ మసిగుడ్డ కూడా దారాలు దారాలుగా ఊడిపోయేదాకా దాన్ని వదిలేవాళ్ళం కాదు. అట్లాంటి ఇంట్లో పుట్టినదానికి, నిక్షేపంలాంటి పట్టుగుడ్డను కావాలనే జానెడు నేల మీద పారేసి, దాన్ని అందం అంటారని తెలిసేది ఎట్లా? ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్ళు మండుతుంది. (ఎవరి మీద మంట అని అడగకండి. మొదట వాళ్ళ మీద, తర్వాత నా మీద.)

సునామీ వచ్చిపోయిన మరుసటి ఏడాది సంగతి. అప్పటిదాకా ఇంట్లోనే వీధివాళ్ళ జాకెట్లు కుడుతూ, చీరలకు ఫాల్సు వేస్తూ ఉండేదాన్ని. లాస్‌పేటలో, మా ఊళ్ళోనే, ఒక మేడ మీద కర్టెన్లు కుట్టే చోట మనిషి కావాలంటే పోయినాను. "నెల రోజులు చూస్తాను, పని నచ్చితే ఒక మిషను నీకే" అన్నది అక్కడి మేడమ్. ఆ మాట నా చెవిలో తేనె పోసినట్టు పడింది. అన్నం ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే "అక్కా, ఒక్క హుక్కు వేసిపెట్టు" అని ఎవరూ తలుపు తట్టని చోట, నాదంటూ ఒక మిషను! ఆ నెల రోజులూ తల వంచి పని చేయాలని ఒట్టు పెట్టుకున్నాను. నా తల ఎప్పుడు వంగింది కనుక.

అక్కడ గుడ్డ కోసే మాస్టరు కూడా మాలాగే ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి. ఏది అడిగినా "అంగుళమే, ఏం కాదులే" అనేవాడు కాబట్టి ఆయనకు అంగుళం మామ అని పేరు పెట్టాను. ఒక వారం ఒక కర్టెన్ పొట్టిగా కోసేసి, "గాలి ఆడాలని వాళ్ళే అడిగినారు మేడమ్" అని తప్పించుకున్నాడు. నా కళ్ళారా చూసినాను. అందుకే ఆ మనిషి ఏం చెప్పినా నేను సగమే నమ్మేదాన్ని.

అప్పుడే ఒక సొల్దా ఇంటి పని వచ్చింది. (ఫ్రాన్సు పట్టాళంలో చేసి పింఛను తీసుకునేవాళ్ళను ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళు ఏలిన మా ఊళ్ళో సొల్దా అంటాం.) ఆ ఇల్లాలు ఫ్రాన్సు నుంచి పెట్టెలో పెట్టుకుని తెచ్చిన గుడ్డ అది, గంధం రంగు పట్టు. ఇంకొక గజం కావాలన్నా ఈ దేశంలో దొరకదు. అయిదు పెద్ద తలుపులకు పది కర్టెన్లు. కొలతకు పోయినప్పుడు టేపు కొన నేలకు పట్టుకున్నది నేనే. నూట ఇరవై అంగుళాలు. మామ రాసిన చీటీలో చూస్తే, కింది మడతకు వదిలే గుడ్డ కాకుండానే, నూట ఇరవై ఎనిమిది!

"ఏంది మామా ఇది, ఎనిమిది ఎక్కువ రాసినావే?"

"నేల మీద కుప్పగా పడాలంట, మే. అది ఫ్యాషను."

"యాడన్నా గుడ్డను తొక్కుకుంటూ తిరుగుతారా?"

"నీకేల మే? చెప్పింది కుట్టు. పెద్ద దొరసాని వచ్చింది అడగను!"

అంతే, నాకు తిక్క రేగింది. తన తప్పును ఆ ఇంటామె నెత్తిన రుద్దుతున్నాడని తీర్మానం చేసుకున్నాను. ఆయన టీకి పోయిన సమయం చూసి, పది కర్టెన్లకూ కింద ఎనిమిదేసి అంగుళాలు కత్తిరించేసి, మడతకని వదిలిన ఎనిమిది అంగుళాలను లోపలికి మడిచి చేతికుట్టు వేసినాను. కుట్టడానికే రెండు రోజులు పట్టింది, కంటికి కనబడని కుట్టు. ఆ ముక్కలను పొందికగా చుట్టి, మేడమ్ బల్ల మీద పెట్టి, "మేడమ్, ఇంత గుడ్డ మిగిల్చినాను" అన్నాను. మెచ్చుకుంటుందని నిలబడి ఉన్నాను చూడండి, అది తలుచుకుంటేనే సిగ్గు.

ఆమె ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. "దేనిలోంచి మిగిల్చినావు?" అన్నది. చెప్పినాను. ఆమె అరవలో మొదలుపెట్టి ఇంగ్లీషులో ముగించిన తిట్లలో నాకు సగమే అర్థమయ్యాయి, ఆ సగమే చాలు. "శుక్రవారం తగిలించాలి. లేకుంటే నువ్వు రేపటి నుంచి రావద్దు." వెనకాల అంగుళం మామ, "ఎనిమిది అంగుళాలే కదా, ఏం కాదులే" అన్నాడు. ఆ కత్తెర ఆయన మీదకు విసరకుండా ఆపింది నా పూర్వజన్మ పుణ్యం.

కోపంలోనే బుర్ర పనిచేసింది. ఆడపిల్ల పొడుగు పెరిగితే మనం పావడా పారేస్తామా? కింది మడత విప్పి కిందికి దించి, లోపలి వైపు వేరే గుడ్డ అతికిస్తాం. నేను మడిచిన అంచులోనే ఎనిమిది అంగుళాలు దాగి ఉన్నాయి. అంచు విప్పి దించేసి, కోసిన ముక్కలనే లోపలి మడతగా అతికించినాను. నేను వేసిన కుట్టును నేనే విప్పుకుంటూ, మామనూ ఫ్రాన్సునూ పట్టునూ తిట్టుకుంటూ, పాత మడత గీతలు పోయేదాకా ఇస్త్రీ చేస్తూ, శుక్రవారానికి పదీ ముగించినాను. అర అంగుళం తగ్గింది, అంతే.

తగిలించడానికి మేడమూ నేనూ పోయినాం. ఇంటామె మోకాళ్ళ మీద కూర్చుని కుచ్చెళ్ళు నేల మీద పరుచుకుంటూ మురిసిపోయింది. ఇంతలో లోపలి నుంచి ఆమె అత్త, ఎనభై దాటిన ముసలమ్మ, కర్ర పొడుచుకుంటూ వచ్చింది.

"ఇంత గుడ్డ నేల పాలా? రోజూ ఎవరు ఊడ్చేది, నీ మొగుడా?"

"అత్తా, ఊరుకోండి, ఇది స్టైలు."

"స్టైలా!" అని ముసలమ్మ వంగి కర్టెన్ కొన పట్టుకుని తిరగేసింది. పక్కన మేడమ్ నా మోచెయ్యి పట్టుకున్నది. ముసలమ్మ బొటనవేలు ఆ అతుకు మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. తలెత్తి సూటిగా నన్నే చూసింది. పావడాలు దించి కుట్టిన చేతికి ఆ అతుకు తెలియకుండా ఉంటుందా?

"చేతికుట్టు బాగుంది" అన్నది. కొన వదిలేసి, కర్ర పొడుచుకుంటూ లోపలికి పోయింది.

సోమవారం మేడమ్ కిటికీ పక్క మిషను చూపించి, "కూర్చో" అన్నది. పదమూడేళ్ళు దాని ముందే కూర్చున్నాను. గుడ్డను నేల మీద పారేసేవాళ్ళ మీద నా కోపం ఈనాటికీ ఒక నూలుపోగంత కూడా తగ్గలేదు. ఇప్పుడు ఎవరింటికి పోయినా కుర్చీలో కూర్చోకముందే కర్టెన్ కొన పట్టుకుని తిరగేస్తాను. "అవ్వా, మానం పోతుంది, వచ్చి కూర్చో" అని మనవరాలు చెయ్యి పట్టి లాగుతుంది. ఎప్పుడైనా లోపల ఒక అతుకు వేలికి తగులుతుంది. ఏ తలబిరుసుది కుట్టిందో, ఎవరి చేత ఎన్ని తిట్లు తిన్నదో అనుకుంటాను. కొన వదిలేసి, వాళ్ళిచ్చిన కాఫీ బాగుందని చెప్పి వస్తాను.