కల్లం మీద పసుపు చీర

గుంటూరు చుట్టుపక్కల ఫోటోలకి మంచి చోట్లు ఏవో చెప్పమని ఈ బ్లాగు చదివేవాళ్ళు కొందరు చాలా రోజులుగా అడుగుతున్నారు. నిజానికి నాకూ తెలియదు. కాలేజీ లైబ్రరీలో పని, ఇల్లు, పుస్తకాలు, ఇంతే నా ప్రపంచం. జీతం దాచుకుని కెమెరా కొన్నాను గానీ దానితో తీసినవన్నీ మా డాబా మీది పూలకుండీలు, పిట్టగోడ మీద ఆరేసిన వడియాలు. మనుషుల దగ్గరికి వెళ్ళి "ఒక ఫోటో తీసుకోవచ్చా" అని అడగడం నాకు చేతకాదు. మెడలో కెమెరా వేసుకుని ఒంటరిగా రోడ్డు మీద నిలబడితే జనం నన్నే వింతగా చూస్తారు. అందుకని మా ఊళ్ళో ఫోటోలు తీసేవాళ్ళ బృందం ఒకటి మార్చిలో ఒక ఆదివారం పల్నాడు వైపు వెళుతోందని తెలిసి, నా వాటా మూడు వందలు కట్టి పేరు ఇచ్చాను. సుమో అద్దె, డీజిలు అందులోనే. భోజనం ఎవరిది వారిదే.

తెల్లవారకముందే లాడ్జి సెంటర్లో బండి ఎక్కాము. నేను కాక ముగ్గురు. పెద్దాయన ప్రభాకర్ గారు బృందానికి నాయకుడు. పోటీల్లో చాలా బహుమతులు గెలిచారు. మిగతా ఇద్దరూ ఇంజినీరింగు చదివే అబ్బాయిలు, ఆయన శిష్యులు. డ్రైవరు మస్తాన్ గారిది నరసరావుపేట దగ్గరి పల్లె. మొదటి మజిలీ ఉప్పలపాడు. ఊరి చెరువులో తుమ్మచెట్ల నిండా గూడబాతులు, కొంగలు. సూర్యుడు మీ వీపు వైపు ఉండేలా నిలబడితే ఏడింటి లోపల వెలుతురు చాలా బాగుంటుంది. ఆ తర్వాత నీళ్ళు తెల్లగా మెరిసిపోయి ఏమీ రాదు. ముక్కుకి గుడ్డ కట్టుకోండి, రెట్ట వాసన గట్టిది.

"ఊళ్ళోవాళ్ళు ఎట్లా భరిస్తారండీ?" అని మస్తాన్ గారిని అడిగాను.

"పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలంట అమ్మా ఇయ్యి. కంపు కొడుతున్నారని ఎవరన్నా తరిమేస్తారా?" అన్నారు.

అక్కడి నుంచి ఫిరంగిపురం. బస్టాండు ఎదుట ఇడ్లీ, దాని మీద నెయ్యి, కారప్పొడి. పది రూపాయల్లో కడుపు నిండుతుంది. తర్వాత కొండవీడు. పైకి రాళ్ళ దారి, గంటకి పైనే నడక. నీళ్ళు కింద నుంచే మోసుకెళ్ళండి. పాడుబడిన బురుజు మీద నుంచి చూస్తే పత్తి ఏరేసిన చేలు, మిరప చేలు, మధ్య మధ్య కాయ ఆరబోసిన కల్లాల ఎరుపు, చాపలు పరిచినట్టు కనిపిస్తాయి. ప్రభాకర్ గారికి అది చాలలేదు. దిగువకి వెళ్ళిపోతున్న మేకల మందని మళ్ళీ బురుజు ముందుకి తోలుకురమ్మని కాపరిని అడిగారు.

"నీళ్ళకి దిగిన మేకలు మళ్ళీ ఎక్కవయ్యా. వాటికేం తెలుసు సినిమా!" అని ఆ ముసలాయన ఆగకుండా వెళ్ళిపోయాడు.

మేమంతా నవ్వాం. ప్రభాకర్ గారు నవ్వలేదు. "ఫోటో దొరకదమ్మా, చేసుకోవాలి" అని నాకు పాఠం చెప్పారు. నేను తల ఊపాను. పెద్దవాళ్ళు చెబుతుంటే తల ఊపడం కాన్వెంటులో సిస్టర్లు నేర్పిన విద్య.

నరసరావుపేటలో భోజనాలయ్యాక వినుకొండ రోడ్డు పట్టాం. సాయంత్రానికి వినుకొండ కొండెక్కి సూర్యాస్తమయం తీయాలని మా పథకం. దారిలో ఒక మిరప కల్లం చూపిస్తానని ప్రభాకర్ గారు ముందే చెప్పారు. ఆ పొలం ఆయన స్నేహితుడిదట. స్నేహితుడు గుంటూరులో ఉంటాడు, పొలం కౌలుకిచ్చాడు. "మనవాళ్ళు వస్తున్నారు, కాస్త చూసుకో" అని కౌలు రైతుకి ఫోను చేయించారు. ఆ రైతు ఆంజనేయులు రోడ్డు దాకా ఎదురొచ్చి నిలబడ్డాడు. మేము దిగకముందే భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

కల్లం గురించి మాత్రం ఏం చెప్పినా తక్కువే. చదును చేసిన నేల మీద అంత ఎరుపు ఒక్కచోట చూడటం నాకదే మొదలు. దగ్గరికి వెళ్ళేసరికి తుమ్ములు, కళ్ళ వెంట నీళ్ళు. నలుగురైదుగురు ఆడవాళ్ళు ముక్కుల మీదుగా కొంగులు చుట్టుకుని తాలు ఏరుతున్నారు. తాలంటే రంగు పోయి తెల్లబడ్డ కాయ, దానికి ధర పలకదు. గట్టున వానొస్తే కాయ మీద కప్పే నీలం పట్టాలు మడతపెట్టి ఉన్నాయి. ఆంజనేయులు భార్య కోటమ్మ మా తుమ్ములు చూసి నవ్వింది.

"మా కాయ ఘాటు అట్టాంటిదమ్మా. పదిరోజుల్నించి ఎండబెడతన్నాం, గలగలా అంటంది చూడు" అని గుప్పెడు తీసి నా చెవి దగ్గర ఆడించింది. నిజంగానే లోపల గింజలు మోగాయి. "రేపు పొద్దున్నే టిక్కీలకెత్తి గుంటూరు మార్కెట్ యార్డుకి తోలాల. పోయినేడు బొబ్బర తెగులొచ్చి అంతా పోయింది. ఈ ఏడన్నా దేవుడు చూశాడు."

టిక్కీ అంటే మిరపకాయల గోతం. రేపటి ఆ బళ్ళ మీదే వాళ్ళ ఏడాదంతా ఆధారపడి ఉందని ఆమె గొంతులోనే తెలిసింది.

ప్రభాకర్ గారు సంచిలోంచి మూడు చీరలు తీశారు. ఎప్పుడూ వెంట ఉంచుకుంటారట. ఎరుపు మీద పసుపు బాగా లేస్తుందని పసుపు చీర కోటమ్మకి ఇచ్చి కట్టుకోమన్నారు.

"నా చీరకేమయిందయ్యా?"

"ఫోటోలో రంగు రాదమ్మా."

"చీర పెడుతున్నారు బానే ఉంది, జాకెట్టు ముక్కేదీ మరి?" అంది కోటమ్మ. ఏరేవాళ్ళంతా గొల్లుమన్నారు. ఆంజనేయులు మాత్రం "కట్టుకోవే, పెద్దోళ్ళు చెబుతుంటే" అన్నాడు. పాత చీర మీదే పసుపు చీర చుట్టుకుంది. తర్వాత చేట తెప్పించి మిరపకాయల్ని గాల్లోకి చెరగమన్నారు.

"మిరపకాయల్ని ఎవరన్నా చెరుగుతారంటయ్యా! వడ్లనుకున్నారా?" అని ఒకావిడ నోరు నొక్కుకుంది. అయినా చెరిగింది కోటమ్మ. మిగతావాళ్ళని పని మాన్పించి, కల్లానికి అవతలి కొసన బుట్టలతో వరసగా నిలబెట్టారు.

నాలుగు దాటాక పడమటి నుంచి గాలి మారింది. వినుకొండ వైపు ఆకాశం నల్లబడింది. మబ్బు కింద నుంచి ఎండ ఏటవాలుగా పడుతూ కల్లం నిప్పులా వెలిగింది. మబ్బు నలుపు, కాయ ఎరుపు, చీర పసుపు. అంత అందమైన వెలుతురు నేను మళ్ళీ చూడలేదు. ఆంజనేయులు పట్టాల వైపు కదిలాడు.

"ఒక్క నిమిషం ఆగవయ్యా, ఇప్పుడే కప్పొద్దు. ఇట్లాంటి లైటు మళ్ళీ రాదు" అన్నారు ప్రభాకర్ గారు, కంటి మీద నుంచి కెమెరా తీయకుండానే.

ఆంజనేయులు మబ్బుని చూశాడు. ప్రభాకర్ గారిని చూశాడు. ఆగాడు. వచ్చే ఏడు ఆ పొలం ఎవరికివ్వాలో ఆసామి ఇష్టం. ఆసామి స్నేహితుడు ఎదురుగా ఉన్నాడు.

"ఏం మనిషివయ్యా నువ్వు! మబ్బు కనపడట్లా?" అని కోటమ్మ చేట విసిరేసింది. పసుపు చీరతోనే పట్టా దగ్గరికి పరిగెత్తింది. అప్పటికే చినుకు పడింది. బుట్టల వాళ్ళు అవతలి కొస నుంచి కల్లం చుట్టూ తిరిగి రావాలి. గాలికి పట్టా తెరచాపలా లేచింది. మస్తాన్ గారు బండి తలుపు తెరిచే వదిలేసి వచ్చి ఒక మూల అందుకున్నారు. నేను కెమెరా సీటు మీద పడేసి ఇంకో మూల అందుకున్నాను. "ఆ మూల పట్టుకో! ఆ మూల!" అని కోటమ్మ రెండు చేతులూ పైకెత్తి నా వైపు అరుస్తోంది. రెండు చేతులతో బిగించి పట్టుకున్నా గాలి ఒక్క గుంజు గుంజి పట్టాని నా వేళ్ళలోంచి లాక్కుపోయింది. ప్రభాకర్ గారూ శిష్యులూ బండి వెనక తలుపు తెరిచి, లోపల కూర్చుని ఫోటోలు తీస్తూనే ఉన్నారు.

వాన పావుగంట కూడా కురవలేదు. ఒక పక్క కొంత కప్పగలిగాం. మిగతాదంతా నానింది. కల్లం వార నుంచి ఎర్రని నీళ్ళు కాలవలోకి పారాయి. తడిసిన కాయ రంగు దిగుతుంది, బూజు పడుతుంది, చాలావరకు తాలైపోతుంది. ఇది నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఏరేవాళ్ళ ముఖాలు చూస్తే చాలు.

కోటమ్మ మా ముందే పసుపు చీర విప్పి, పిండి, నాలుగు మడతలు పెట్టి ప్రభాకర్ గారికి ఇచ్చింది. "తడిసిందయ్యా. ఏమనుకోవద్దు." నాకేసి తిరిగి, "చేత్తో పట్టుకుంటే ఆగిద్దా అమ్మాయ్, మడతేసి కాలికింద తొక్కిపట్టాల" అంది. కోపంగా కాదు.

ఆంజనేయులు అడిగాడు. "టీ పెట్టిస్తానండీ, తాగెళ్తారా?"

ఎవరం తాగలేదు. బండిలో ముందు సీట్లో ప్రభాకర్ గారు కెమెరా తెర మీద ఒక్కొక్క ఫోటో చూస్తూ "ఈ మబ్బు చూడండ్రా" అంటున్నారు. నేను ఎట్లాగో నోరు విప్పి, "వాళ్ళకి చాలా నష్టం కదండీ" అన్నాను.

"ఇన్సూరెన్సులు ఉంటాయమ్మా ఇప్పుడు."

"కౌలోడికి ఎవరిస్తారండీ ఇన్సూరెన్సు?" అన్నారు మస్తాన్ గారు రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా. బండిని గుంటూరు వైపే పోనిచ్చారు. వినుకొండ కొండ మేము ఎక్కలేదు, కాబట్టి దాని గురించి నేను చెప్పలేను.

ఎండాకాలం చివర్లో బృందం వాళ్ళు ప్రదర్శన పెట్టారు. మొదటి బహుమతి ఫోటో ద్వారం ఎదురుగానే ఉంది. నల్లని మబ్బు, ఎర్రని కల్లం, వానలో పసుపు చీర, పైకెత్తిన రెండు చేతులు, తెరిచిన నోరు. కింద పేరు "తొలకరి ఆనందం". మార్చిలో తొలకరి ఏమిటని ఎవరూ అడగలేదు. వాన కోసం ఎదురుచూసిన రైతు గుండె ఆ ముఖంలో కనిపిస్తోందని ముఖ్య అతిథి మైకులో అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను ఆ ఫోటో ముందు చాలాసేపు నిలబడ్డాను. కుడివైపు అంచున నీలం పట్టా చివర, దాన్ని పట్టుకున్న నాలుగు వేళ్ళు కనిపిస్తున్నాయి. మిగతా మనిషిని కత్తిరించేశారు. ఆ తెరిచిన నోరు ఏమంటోందో ఆ హాల్లో తెలిసింది ఆ వేళ్ళ మనిషికి ఒక్కదానికే. వచ్చినవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఆ చోటు ఎక్కడని అడుగుతున్నారు. ఈ బ్లాగులోనూ అడుగుతారు. ఉప్పలపాడు, కొండవీడు దారులు పైన రాశాను. ఆ ఊరి పేరు మాత్రం రాయను.

మిరప కల్లాలు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఆ రోడ్డు పొడవునా కనిపిస్తాయి. మీరు వెళ్ళితీరతారు కాబట్టి ఒక్క సూచన. దిగగానే వెలుతురు కాదు, పడమర చూడండి. మబ్బుంటే కెమెరా బండిలో పెట్టేయండి. పట్టాకి నాలుగు మూలలుంటాయి. మీ మూలని చేత్తో పట్టుకోకండి. రెండు మడతలు వేసి, దాని మీద నిలబడండి.