తెర అవతలి కొస

దయ్యాల మాట ఎత్తితే నాకు ఒళ్లు మండుతుంది. భయంతో కాదు, కోపంతో. నా చిన్నతనంలో మా పక్క ఊళ్లో ఒక ముసలాయన బాణామతి చేస్తాడని నింద వేసి రాయితో ఆయన పళ్లు రాలగొట్టారు. పళ్లు లేకపోతే మంత్రం పలకదట. ఆ తర్వాత ఆయన అన్నం పిసుక్కుని మింగడం నేను చూశాను. ఊళ్లో ఒక్కడూ సాక్ష్యం చెప్పలేదు. అప్పటినుంచి గాలి సోకింది, చేతబడి చేశారు అని ఎవరన్నా నోరు తెరిస్తే నేను ఊరుకున్నది లేదు. పెళ్లిళ్లలోనూ తగవు పెట్టుకున్నాను, చావుల దగ్గరా పెట్టుకున్నాను.

నేను బడికి పోయి చదివినవాణ్ని కాను. టైలర్‌ని. బట్టలు కుట్టుకుంటూ, పొట్లాలు కట్టిన పేపర్లు కూడబలుక్కుంటూ అక్షరాలు నేర్చుకుని, ఆ తర్వాత గ్రంథాలయంలో కూర్చుని దొరికినదల్లా చదివాను. ఆ చదువంతా ఒకవైపు, ఇప్పుడు రాయబోయేది ఒకవైపు. రాయడం నాకు ఇష్టం లేదు. కానీ మా కళాకేంద్రంలో జరిగినదానికి నిర్మల్‌లో ఇప్పటికే తలా ఒక తోక తగిలిస్తున్నారు. నా చేతికి ఎంత తెలిసిందో అంతే రాస్తాను.

కళాకేంద్రం భైంసా రోడ్డు మీద పాత పత్తి మిల్లు షెడ్డులో నడుస్తుంది. మిల్లు మాధవరావు గారి తాతలది. ఆయన లెక్చరర్‌గా రిటైరై, ఖాళీ షెడ్డును ఎవరికో గోదాముగా ఇవ్వకుండా ట్రస్టు పెట్టి, పిల్లలకు ఫీజు లేకుండా తబలా, నాట్యం, కోలాటం, చిందు ఆట నేర్పిస్తున్నాడు. లాభం కోసం కాదు, దాతలు ఇచ్చినదానితో నడుస్తుంది. వేషాల బట్టలు నేను కుట్టిపెడతాను. ఆయన మంచివాడే. మంచివాళ్లతోనే నాకు ఎక్కువ కొట్లాట.

చిందు ఆట అంటే మా వైపు చిందోళ్లు తరతరాలుగా ఆడే భాగోతం. అందులో రాజు వేషం ఊరికే నడిచి రాదు. ముందు ఇద్దరు మనుషులు ఎర్రటి గుడ్డను చెరో కొసా పట్టి నిలబడతారు. అదే తెర. రాజు దాని వెనక నిలబడి తన పేరూ ప్రతాపమూ చెప్పుకునే పాట పాడతాడు. చూసేవాళ్లకు పైన కిరీటం, కింద గజ్జెల కాళ్లు మాత్రమే కనిపిస్తాయి. పాట అయ్యాక ఎడమ కొస పట్టినవాడు ఒక్క గుంజు గుంజుతాడు. కుడి కొసవాడు వదిలేస్తాడు. గుడ్డ ఎడమకు పోతుంది, రాజు బయటపడతాడు. అందుకే ఎడమ కొస ఎప్పుడూ పెద్దవాళ్లది.

మా కేంద్రంలో ఆ కొస గంగారాంది. చిందు ఆటలో పుట్టి పెరిగినవాడు, నా స్నేహితుడు. మోకాళ్లు అరిగిపోయి వేషం మానుకున్నాక, కూతురు రాజమణికి రాజు వేషం కట్టించి తాను తెర పట్టేవాడు. కుడి కొస నాది. పాట అయిపోగానే అతను గుంజేవాడు కాదు. ముందు గుడ్డను కొంచెం వదులు చేసేవాడు. నా చేతిలో బరువు తగ్గేది. తెర వెనక మనిషి కాలు నేలకు తన్నేదాకా ఆగి, అప్పుడు గుంజేవాడు. ఎందుకలా అని ఒకసారి అడిగాను.

"లోపటున్నోడు ఊపిరి తీసుకోవాలె గద సాయిలూ. వేషం కట్టంగనే రాజైతడా? రాజయ్యెదాంక ఆగాలె" అన్నాడు.

ఇలా తెర పట్టినవాణ్ని నేను ఇంకొకణ్ని చూడలేదు. గంగారాం కామెర్లతో పోయాడు. ఎడమ కొస వాచ్‌మన్ సత్తెన్న చేతికి వచ్చింది.

ఆ తర్వాత రాజమణి వేషం చెడింది. పొద్దంతా బీడీలు చుట్టి, సాయంత్రం కేంద్రానికి వచ్చి ఆడపిల్లలకు చిందు నేర్పుతుంది ఆమె. మొగుడు మస్కట్‌లో ఉంటాడు. సాధన చేసినప్పుడు అంతా బాగుండేది. జనం ముందు మాత్రం, పాట అయ్యి తెర పోగానే కొయ్యబారి నిలబడేది. ఒకసారి కిరీటంతో సహా వెనక్కి తిరిగి గదిలోకి వెళ్లిపోయింది.

"పాట ఆగుడే ఆలస్యం, తెర గుంజుతడు కాకా" అంది నాతో. "బాపు ఆగుతుండె. గీ సత్తెన్న ఆగడు. గప్పుడు యాదికొస్తది నాకు, బాపు లేడని. ఇగ కాలు లేవది."

సత్తెన్నకు నేర్పాలని చూశాను. ఎక్కడ నేర్చుకుంటాడు! "నాకు గేటు తీసుడు, గేటు మూసుడు తెల్సు సాయిలన్నా. తెర గూడ గేటే. పాట ఒడిసింది, తీసిన. ఇంక దాంట్ల ఏం గుంజుడు, ఏం వదులుడు?" అన్నాడు.

ఇంతలో హైదరాబాదు నుంచి దాతలు వస్తున్నారని తెలిసింది. ఏ తరగతులు ఉంచాలి, ఏవి తీసేయాలి అనేది వాళ్లు ఆటలు చూసి చెప్తారట. చిందు తరగతిలో ఉన్నదే కొద్దిమంది ఆడపిల్లలు. ఆట చూడ్డానికి మా ఊళ్లో అందరూ వస్తారు. మీ పిల్లను నేర్చుకోను పంపండి అంటే మాత్రం, మా కులమేంది ఆ ఆటేంది అని మొహాలు తిప్పుకుంటారు. చప్పట్లకు లేని మైల నేర్చుకోవడానికి ఎక్కడినుంచి వస్తుందో వాళ్లే చెప్పాలి.

ఆట సరిగ్గా రాకపోతే తరగతి మూసేసి, గంగారాం కిరీటాన్నీ భుజకీర్తుల్నీ హాల్లో అద్దాల పెట్టెలో పెడదామని మాధవరావు గారి ఆలోచన. మన నిర్మల్ బొమ్మల పొనికి కర్రతో చేసినవి, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, లైటు పెడితే మెరుస్తాయి అన్నాడు. నాకు నెత్తురు మరిగింది.

"అద్దాల పెట్టెనా సార్? గదేమన్న బడిల సీసాల పెట్టిన సచ్చిన పామా? గా పిల్ల తలకాయ బతికుండంగ కిరీటానికి పెట్టెందుకు?"

ఆయన నవ్వాడు. "నీతోని మాట్లాడాలంటే హెల్మెట్ పెట్టుకోవాలె సాయిలూ. తిట్టుకో. కని రాజమణి మొన్నటి లెక్క గదిలకు పోతే, నేను వాళ్లకు ఏం మొహం చూపియ్యాలె?"

రాజమణికి ఇదంతా తెలుసు. బాపు కిరీటం తన నెత్తిన ఉంటుందా, పెట్టెలోకి పోతుందా అనేది ఆ ఒక్క ఆటతో తేలుతుంది.

దాతలు వానాకాలంలో ఒక మధ్యాహ్నం వచ్చారు. షెడ్డు నిండా పట్టపగటి వెలుతురు. వాళ్లు ముందు కుర్చీల్లో, వెనక తల్లిదండ్రులు. కుడివైపు నా పక్కన మద్దెల బాలయ్య, తాళాలు పట్టుకుని ఆడపిల్లలు. ఎడమవైపు ఒక ఇనుప స్తంభం, దాన్ని ఆనుకుని వేషాల గది గోడ. ఎడమ కొస పట్టేవాడు ఆ స్తంభానికీ గోడకూ మధ్య సందులో నిలబడతాడు. జనానికి కనిపించడు. నాకూ కనిపించడు. గుడ్డ ఆ సందులోకి పోవడమే కనిపిస్తుంది. తెర వెనక ఉన్న రాజమణికి కూడా, కిరీటం పక్క రెక్కలు గుర్రానికి గంతలు కట్టినట్టు అడ్డం ఉంటాయి.

మద్దెల మోగింది. నేను నా కొస ఎత్తాను. ఎడమ కొస కూడా లేచింది. గుడ్డ బిగిసింది. సత్తెన్న వచ్చాడు అనుకున్నాను, అంతే.

రాజమణి పాట ఎత్తుకుంది. చివరి చరణం వచ్చేసరికి నేను గుంజు కోసం సిద్ధంగా ఉన్నాను. సత్తెన్న క్షణం ఆగడు కదా.

పాట అయిపోయింది. గుంజు రాలేదు. బాలయ్య మద్దెల ఆపకుండానే నా వైపు చూశాడు. ఎవరో దగ్గారు. అప్పుడు నా చేతిలో బరువు తగ్గింది. గుడ్డ మధ్యలో కొంచెం వంగింది. కొస జారవిడిచాడు వెధవ అని పళ్లు కొరుక్కున్నాను. కానీ గుడ్డ కింద పడలేదు. అలాగే వదులుగా నిలిచింది. తెర వెనక రాజమణి ఊపిరి లాగడం నాకు వినబడింది. ఆమె కాలు నేలకు తన్నింది, గజ్జెలు ఘల్లుమన్నాయి. అప్పుడు వచ్చింది గుంజు.

నేను వదిలాను. గుడ్డ ఎడమకు పోయింది.

రాజమణి ఆడిన తీరు గురించి నేను పొగడను, నా పని అది కాదు. చివర్న ముందు వరస వాళ్లు లేచి నిలబడ్డారు. చిందు తరగతి ఉంటుందని, కిరీటం పెట్టెలో పెట్టే ఆలోచన మానుకొమ్మని వాళ్లే మాధవరావు గారికి చెప్పారు.

నేను సత్తెన్నను వెతుక్కుంటూ గేటు దగ్గరికి వెళ్లాను. మోకాళ్లదాకా బురదతో ఎదురొచ్చాడు.

"ఇయ్యాల మాత్రం మనిషివనిపించుకున్నవ్‌రా సత్తెన్నా" అన్నాను.

"ఎక్కిరియ్యకే సాయిలన్నా. పెద్దమనుషుల కారు బురదల దిగవడ్డది. నేనూ డ్రైవరూ గిప్పటిదాంక నూకుతనే ఉన్నం. మద్దెల ఇనవడ్డది గని ఏడొస్త? తెరకు ఎవల్ని నిలవెట్టినవు మరి?"

పరాచికం అనుకున్నాను. డ్రైవర్‌ను అడిగాను, నిజమే అన్నాడు. మాధవరావు గారిని అడిగాను. ఆట మొదలవ్వక ముందే సత్తెన్నను గేటుకు పంపింది తానేనన్నాడు. తెర సంగతి ఆయనకు తోచలేదు.

తిరిగి వెళ్లి సందు చూశాను. గుడ్డ స్తంభం అడుగున పడి ఉంది. స్తంభానికి మేకు లేదు, కొక్కెం లేదు. చాటుగా ఆ సందులోకి రావాలంటే వేషాల గది వెనక తలుపే దారి, దానికి లోపలి గడియ వేసి ఉంది. వాన జల్లు కొడుతోందని పిల్లలే వేశారట. ముందునుంచి ఎవరైనా ఆ సందులోకి వెళ్తే షెడ్డు మొత్తానికి కనబడాలి. ఆట తెలిసినవాళ్లందరూ నా పక్కనే ఉన్నారు. గుడ్డ కొసన కుట్టు దగ్గర, పిడికిట్లో పట్టినట్టు నలిగి ఉంది. కానీ ఆ కొసను ఎంతమందో ఎన్నిసార్లో పట్టారు. అది ఆ రోజు నలుగుడే అని నేను చెప్పను.

గాలి అనుకుందామా అంటే, నేను జీవితమంతా గుడ్డతో బతికినవాణ్ని. గాలికి ఊగే గుడ్డ వేరు, మేకుకు తగిలిన గుడ్డ వేరు, అవతల చెయ్యి ఉన్న గుడ్డ వేరు. అయినా నా మాట నేనే నమ్మకుండా, కొసను స్తంభానికి కట్టి చూశాను. ఫ్యాన్లు పెట్టి చూశాను. వదులైన గుడ్డ వదులుగానే ఉంది, గుంజలేదు. మాధవరావు గారి ఫోన్‌లో వీడియో ఉంది. అందులో నేను కనిపిస్తాను, తెర వంగడం కనిపిస్తుంది, ఆ తర్వాత ఎడమకు పోవడం కనిపిస్తుంది. సందు మాత్రం కనిపించదు.

మర్నాడు రాజమణి కిరీటానికి ఊడిన తళుకులు అతికిస్తూ కూర్చుంది. గుడ్డ వదులైన సంగతి నేను అప్పటికి ఎవరికీ చెప్పలేదు. ఆమే అడిగింది.

"సత్తెన్నకు ఎట్ల నేర్పినవ్ కాకా? అచ్చం బాపు లెక్కనే ఆగిండు. తెర జర వంగంగనే నాకు పానం తిరిగొచ్చింది."

అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. సత్తెన్న అక్కడ లేడని చెప్పాను. ఆమె చేతిలో తళుకు అలాగే ఉండిపోయింది.

"మరెవలు పట్టిన్రు?"

"నాకు తెల్వదు బిడ్డా."

"నీకు తెల్వదా?" అని నా మొహంలోకి చూసి నవ్వింది. కళ్లలో నీళ్లున్నాయి. "నీకు తెల్వంది గూడ ఉన్నదా కాకా దునియల?"

ఆ మాట బయటికి ఎలా పోయిందో పోయింది. వారం తిరక్కుండానే ఆ ఇనుప స్తంభానికి ఎవరో పసుపు రాసి బొట్లు పెట్టారు. అడుగున కొబ్బరి చిప్పలు. బతికున్నప్పుడు గంగారాంను అరుగు మీద కూర్చోబెట్టనివాళ్లు, చచ్చాక స్తంభానికి మొక్కుతున్నారు. నేను బకెట్టు తెచ్చి కడుగుతుంటే రాజమణి వచ్చింది. బాధపడుతుందేమో అనుకున్నాను.

"కడుగు కాకా, మంచిగ కడుగు" అంది. "మా బాపుకు కొబ్బరికాయలెందుకు? కల్లు పోస్తె వద్దనకపోతుండె."

ఆ తర్వాత బోథ్‌లో ఆట పెట్టారు. ఈసారి ఎడమ కొస సత్తెన్న చేతిలో ఉండటం నేను కళ్లారా చూసుకుని నిలబడ్డాను. పాట ఆగీ ఆగగానే గేటు తీసినట్టు గుంజాడు. కానీ రాజమణి కొయ్యబారలేదు. గుడ్డ పూర్తిగా తొలగకముందే ఒక అడుగు ముందుకు వేసి, జనం కళ్లలోకి చూస్తూ నిలబడింది. సత్తెన్నే కంగారుపడి పక్కకు తప్పుకున్నాడు.

ఆమె కోసం ఇక ఎవరూ ఆగనక్కరలేదు. దయ్యమని నేను అనను. అన్నవాళ్లతో ఇప్పటికీ తగవు పెట్టుకుంటున్నాను, మొన్న బస్సులో కూడా పెట్టుకున్నాను. అయితే ఆ కొస పట్టిందెవరో నువ్వే చెప్పు అని అవతలివాడు అడిగాడు. బస్సంతా నా వైపే చూసింది. నేను కిటికీ వైపు తిరిగాను.