ఇవ్వని ఆదివారం

ఉద్యోగంలో చేరిన కొత్తలో సుల్తానాబాద్ దగ్గర ఒక ఊళ్ళో పంతులుగా పనిచేశాను. నిజాం రాజ్యం పోయి ఏడెనిమిదేళ్ళయింది. బడిలో ఉర్దూ పోయి తెలుగు వచ్చింది కానీ, ఊరికి మాత్రం ఇంకా పటేలే సర్కారు. కాయితం మీద ఏముందో ఆయన చెప్తే వినడమే తప్ప చదివి చూసినవాళ్ళు లేరు. ఒక ముసలాయన తన పొలం మీద వచ్చిన నోటీసును మూడు నెలలు దేవుడి పటం వెనక దాచుకుని, ఆఖరికి నా దగ్గరికి తెచ్చాడు. చదివి చెప్పేసరికి గడువు దాటిపోయింది. ఆ పై వారమే ఆదివారం క్లాసు మొదలుపెట్టాను.

పదహారేళ్ళు దాటినవాళ్ళు ఎవరైనా రావచ్చన్నాను. అక్షరాలతో పాటు ఓటంటే ఏమిటి, తహసీల్దారు పనేమిటి, దరఖాస్తు ఎట్లా రాయాలి, రసీదు ఎందుకు అడగాలి, ఇవన్నీ చెప్పేవాణ్ణి. మొదటి ఆదివారం ఆరుగురు వచ్చారు. ఏడాది తిరిగేసరికి పక్క ఊళ్ళ నుంచి కూడా నడిచి వచ్చి నలభై మంది దాకా అయ్యారు.

అప్పటికి నాకు ఇద్దరు పిల్లలు. చిన్నవాడికి తట్టు పోసి ఒళ్ళు కాలిపోతున్న రోజు కూడా నేను బడిలోనే ఉన్నాను. అత్తగారు పోయిన కబురు వచ్చినప్పుడు క్లాసు ముగించుకునే బస్సెక్కాను. దాన్ని త్యాగమనుకున్నాను. నలుగురూ అదే అన్నారు.

వచ్చేవాళ్ళలో ఒక అమ్మాయి ఉండేది. ఇరవై రెండేళ్ళుంటాయి. పెళ్ళయిన ఏడాదికే భర్త చనిపోతే పుట్టింటికి వచ్చి బీడీలు చుట్టేది. క్లాసుకు కూడా చాట తెచ్చుకుని, గోడకు ఆనుకుని, తునికాకు కత్తిరిస్తూ తంబాకు నింపుతూ వినేది. వేళ్ళు ఆగేవి కావు. ఆగాయంటే ప్రశ్న వస్తుందని నాకు తెలిసేది.

ఎన్నికలు దగ్గరపడ్డాయి. ఆ రోజుల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దాని మీద గుర్తు. తెర వెనక్కి వెళ్ళి, ఇచ్చిన కాగితాన్ని నచ్చిన పెట్టెలో వేసి రావడమే. నేను రెండు కిరోసిన్ డబ్బాలు తెచ్చి, ఒకదాని మీద కుండ, ఒకదాని మీద గొడుగు గీసి, దుప్పటితో తెర కట్టాను. క్లాసు పొద్దున ఉండాలా, మధ్యాహ్నం ఉండాలా అన్నదే ఓటుకు పెట్టాను. ఆడపిల్లలకు పొద్దున ఇంటిపని, మధ్యాహ్నమైతేనే వీలు. మగపిల్లలే ఎక్కువ కాబట్టి పొద్దునే గెలుస్తుందనుకున్నాం. రెండు ఓట్లతో మధ్యాహ్నం గెలిచింది. అటు వేసిన మగపిల్లలెవరో తేలలేదు. ఒకరి మొహాలు ఒకరు చూసుకుని అందరూ నవ్వారు.

ఆ అమ్మాయి వేళ్ళు ఆగాయి.

"సారూ, తెర ఎనుక ఏసినం, ఎవ్వలు సూడలే. గని బయటికొచ్చినంక పటేలు అడిగితే? అబద్ధం చెప్పాల్నా?"

"అబద్ధమెందుకు బిడ్డా? నిజం గూడ చెప్పద్దు. 'నా ఓటు నాది, చెప్ప' అను. అడిగే హక్కు ఎవ్వలికీ లేదు."

"ఏం గాదా?"

"ఏం గాదు. నేనున్న గదా."

ఆ చివరి మాట ఎందుకన్నానో నాకు తెలియదు. అది పాఠంలో లేదు.

ఎన్నికలయ్యాయి. పటేల్ చెప్పిన గుర్తుకు మా ఊళ్ళో ఆయన అనుకున్నన్ని ఓట్లు పడలేదు. ఆయన అరుగు మీద కూర్చుని ఒక్కొక్కరినే పిలిపించాడు. అందరూ దేవుడి మీద ఒట్టు పెట్టి మీరు చెప్పిన పెట్టెలోనే వేశామన్నారు. ఆ అమ్మాయి మాత్రం, "నా ఓటు నాది పటేలా, చెప్ప" అందట. తండ్రి పక్కనే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడట.

ఆమె ఏ పెట్టెలో వేసిందో నాకు ఇప్పటికీ తెలియదు. పటేల్ చెప్పినదాంట్లోనే వేసి ఉండవచ్చు కూడా.

ఆ వారంలోనే తండ్రి కౌలు చేసే మడికి నీళ్ళు ఆగిపోయాయి. వరి పొట్టకొచ్చి ఉంది. తర్వాత పొలమే వదిలిపెట్టమన్నారు. పద్దెనిమిదేళ్ళుగా ఆయన దున్నుతున్న పొలం, చేతిలో కాయితం లేదు. కౌలుదారుకు చట్టం అండ ఉందని క్లాసులో చెప్పింది నేనే. ఆ అమ్మాయి తనే దరఖాస్తు రాసి తెచ్చింది. రెండుచోట్ల వత్తులు తప్పితే దిద్దాను.

శుక్రవారం బడి విడిచాక తండ్రీ కూతురూ మా ఇంటికి వచ్చారు.

"సారూ, ఐతారం నాడు తహసీల్దారు పక్కూర్ల క్యాంపు పెడుతుండట. సదువుకున్నోళ్ళు ఒక్కలన్న వచ్చి గవాయి చెప్తే మంచిదట. మీరు దినాం గా గట్టు మీదికెల్లే బడికి పోతరు. మా బాపు దున్నంగ సూసిండ్రు. గంత చెప్తె సాలు."

రెండు రోజుల ముందే పటేల్ నన్ను దారిలో ఆపాడు. నవ్వుతూనే, "పంతులూ, పిల్లలు చిన్నోళ్ళు గదా. గిప్పుడు అడవి దిక్కు బదిలీ అయితే జర పరేషానే" అన్నాడు. ఆ మాట నేను ఇంట్లో కూడా చెప్పలేదు.

"ఐతారం క్లాసున్నది గద బిడ్డా," అన్నాను. "నలభై మంది నడిసి వస్తరు."

"ఒక్క ఐతారం, సారూ."

"ఎన్నడూ ఆపలే. కొడుక్కు తట్టు పోసినా ఆపలే."

ఆమె నా మొహంలోకి చూసింది. తండ్రే ఆమె భుజం తట్టి, "పా బిడ్డా, సారుకు తీరిక లేదు" అన్నాడు. నాకొక సాకు కావాలని ఆయనకు అర్థమై, ఆయనే ఇచ్చాడు. నేను తీసుకున్నాను.

వాళ్ళు వెళ్ళాక, వాకిట్లో బియ్యం చెరుగుతున్న నా భార్య తలెత్తకుండానే అంది: "ఇన్ని ఐతారాలు మా దగ్గరికెల్లి తీస్కపోయి ఊరికిచ్చిండ్రు. నేనేమన్నన్నా? గా పిల్ల అడిగింది ఒక్కటే గదా."

ఆదివారం మధ్యాహ్నం క్లాసుకు వెళ్ళాను. గోడ పక్కన ఆమె చోటు ఖాళీగా ఉంది. గది ఇరుగ్గా ఉన్నా అటు ఎవరూ జరగలేదు. ఇంకో ఇద్దరు కుర్రాళ్ళు కూడా రాలేదు. పంచాయతీ గురించి చెప్పాను. ఎవరూ రాసుకోలేదు.

పొద్దు వాలుతుండగా ఆ ఇద్దరూ వచ్చారు. ఆమె వెంట క్యాంపుకు వెళ్ళారట. తహసీల్దారు దరఖాస్తు చదివి, ఎవరు రాశారని అడిగాడట. నేనే అని ఆమె అంటే, మళ్ళీ మొదటి నుంచి చదివాడట. "మీ ఊర్ల పంతులున్నడు గదా, ఆయన రాలేదా?" అన్నాడట. కుర్రాళ్ళ మాట రాసుకున్నారు గానీ, పటేల్ తరఫున పదిమంది పెద్దమనుషులు నిలబడ్డారు.

"పంతులు రాలేదా అంటే ఆమె ఏమన్నది?" అని అడిగాను.

"మీకు క్లాసున్నదని చెప్పింది సారూ."

పొలం పోయింది. పై నెలకల్లా ఆ ఇంటికి తాళం పడింది. ఆదిలాబాద్ దిక్కు వెదురు కొట్టే పనికి పోయారన్నారు. నా క్లాసు మాత్రం నడిచింది. బోర్డు మీద రాస్తుంటే వెనక నుంచి తునికాకు కత్తిరించే చప్పుడు వినిపించేది. తిరిగి చూసేవాణ్ణి కాను. ఆ చప్పుడు ఎక్కడ ఆగుతుందోనని భయం.

బదిలీ రానే వచ్చింది, పదేళ్ళ తర్వాత, ఏ పటేల్ ప్రమేయమూ లేకుండా. జైనూర్ దగ్గరి ఊరు. అక్కడా ఆదివారం క్లాసు పెట్టాను. ఒక అంగడి రోజున, బట్టల దుకాణాల చివర, గోనెసంచి పరుచుకుని ఒకామె ఎవరికో దరఖాస్తు రాసిపెడుతోంది. ముప్పై రెండు మూడేళ్ళకే తల సగం నెరిసింది. నేను వేళ్ళను చూసి గుర్తుపట్టాను.

"మంచిగున్నరా సారూ?" అంది, తలెత్తి.

"బాపు?"

"పోయిండు. ఈడికొచ్చిన రెండో యాడాదే. జరమొచ్చింది."

పదేళ్ళుగా సిద్ధం చేసుకున్న మాటల్లో ఒక్కటే పైకి వచ్చింది. "గా దినం నేను రావాల్సింది బిడ్డా."

ఆమె రాస్తున్న వాక్యం పూర్తిచేసి, సిరా మీద ఊది, కాయితం ఆ మనిషి చేతికిచ్చింది.

"రావాల్సింది," అంది. గొంతులో కోపం లేదు. పోనీలెండి అని కూడా అనలేదు. "ఐతారం క్లాసు నడుస్తుందా?"

"నడుస్తుంది."

"ఆపకుండ్రి. నేను నేర్సుకున్నది గందులనే." కలం పక్కన పెట్టింది. "గని పోరగాండ్లకు ఒక్క ముచ్చట ముందుగాలనే చెప్పుండ్రి, సారూ. చెప్పినోడు ఎంట రాకపోవచ్చు, గప్పుడు గూడ నిలవడాలె అని. నాకు గదొక్కటి చెప్పకపోతిరి."

ఆ పై ఆదివారం చెప్పాను. బోర్డు మీద ఏమీ రాయకుండా, నిలబడి, మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. కానీ "ఒక ఊళ్ళో ఒక పంతులు ఉండె" అని మొదలుపెట్టాను. అట్లానే ముగించాను. ముందు వరసలోని గోండు పిల్ల లేచి అడిగింది:

"గా పంతులు ఇప్పుడు ఏడున్నడు సారూ?"

"తెల్వదు," అన్నాను.

ఆ పిల్ల తలూపి కూర్చుంది. నేను చెప్పేవన్నీ వాళ్ళు నమ్మేవాళ్ళు.