తొట్టిలో చెయ్యిపెట్టి పట్టిన కొరమేను

మొన్న ఆదివారం భోజనం చేసి నడుం వాల్చబోతుంటే మా మేనల్లుడు ఫోన్ చేశాడు. వాడు నాకు ఫోన్ చేశాడంటే ఎవరి పెళ్ళో ఎవరి చావో అయి ఉండాలి. అందుకని గుండె కాస్త గట్టి చేసుకునే ఎత్తాను. వీడియో కాల్. వాడి మొహానికి బదులు ఒక దుకాణం గోడ కనిపించింది. గోడ పొడుగునా చేపలు పట్టే రాడ్లు నిలబెట్టి ఉన్నాయి. వాటి కింద అద్దాల బల్లలో రీళ్ళు, రబ్బరు కప్పలు, రంగురంగుల ప్లాస్టిక్ చేపలు. "మావయ్యా, గుంటూర్లో షాపులో ఉన్నా. కొరమేనుకి రాడ్డు కొనాలి. వీటిలో ఏది తీసుకోమంటావు? నాన్న నిన్నే అడగమన్నాడు" అన్నాడు.

ఆ చివరి మాటకి నేను లేచి కూర్చున్నాను. వాడి నాన్న అంటే మా అక్క భర్త, మా బావ. ఈపూరు దగ్గర మిరప తోటలున్న రైతు. ఆయనా నేనూ నోరు విప్పి మాట్లాడుకుని ఏళ్ళయింది. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే ఆయన పందిరి వైపు చూస్తాడు, నేను చెప్పుల వైపు చూస్తాను. అలాంటి మనిషి, చేపల విషయంలో, నన్ను అడగమన్నాడా? "పావుగంటలో నేనే చేస్తా" అని పెట్టేశాను. ఆ పావుగంట రాడ్డు ఎంచడానికి కాదు. ఏది కొనాలో ఆ గోడ చూడగానే తెలిసిపోయింది. చెప్పాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి.

ఎందుకు తేల్చుకోవాల్సి వచ్చిందో చెబుతాను. నేను కాలువల ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో చివరి కొన్నేళ్ళు డ్యాం పక్కనున్న విజయపురి సౌత్‌లో గడిచాయి. అక్కడ సాయంత్రాలు చేయడానికి ఏమీ ఉండదు, నీళ్ళు చూడటం తప్ప. వెదురు కర్రకి గాలం కట్టి, ఎర్రను గుచ్చి కూర్చునేవాళ్ళని నేను చిన్నప్పటి నుంచీ చూశాను. కానీ ఏటి అవతల నుంచి మోటారు సైకిళ్ళ మీద వచ్చే కుర్రాళ్ళ పద్ధతి వేరు. ఎర్ర ఉండదు, కూర్చోవడం ఉండదు. సన్నటి రాడ్డుతో రబ్బరు కప్పని నాచు మీదకి విసిరి, రీలు తిప్పుతూ, అది నిజంగా గెంతుతున్నట్టు లాక్కొస్తారు. నాచు కింద కాపుకాసిన కొరమేను ఒక్కసారిగా నీళ్ళు బద్దలు కొట్టుకుని పైకొచ్చి దాన్ని మింగుతుంది. ఆ చప్పుడు ఒకసారి విన్నవాడికి మళ్ళీ నీళ్ళ మీద తేలే గాలపు బెండు చూస్తూ కూర్చునే ఓపిక ఉండదు. మమ్మల్ని చూడటానికి వచ్చినప్పుడు మా బావ కూడా ఆ చప్పుడు విన్నాడు. "బామ్మర్దీ, మనమూ కొందాం పద" అన్నాడు. నా కర్మ కొద్దీ సరే అన్నాను.

మా పల్నాడులో కర్ర ఎంచుకోవడానికి ఒక పద్ధతి ఉంది. ఒక కొస నేలకి ఆనించి, మధ్యలో మోకాలు పెట్టి, ఒంట్లో బలమంతా వేసి నొక్కుతారు. వంగిందా, పక్కన పారేస్తారు. గేదెల్ని తోలడానికైనా, కళ్ళం కాపలాకైనా, అన్నదమ్ముల తగాదాకి వెళ్ళడానికైనా ఇదే పరీక్ష. ఇందులో తప్పేమీ లేదు. కర్ర కర్రే కాబట్టి. కానీ రాడ్డు కర్ర కాదు. రాడ్డు పనే వంగడం. ఈ సంగతి నేను ఆ కుర్రాళ్ళని గమనించి అప్పటికే తెలుసుకున్నాను. కొస మెత్తగా ఉండి, నడుము కాస్త వంగి, పిడి దగ్గర బిగువుగా ఉన్న రాడ్డు ఒకటి దుకాణంలో నేనే ఎంచి, గాలిలో నాలుగుసార్లు ఊపి, చాలా సంతోషంగా మా బావ చేతికిచ్చాను. ఆయన దాని కొస గచ్చుకి ఆనించాడు. నేను నోరు తెరిచేలోపు మోకాలు పెట్టాడు. టప్పుమంది.

దుకాణదారు రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "అన్నా, అది మోకాలు పెట్టేది కాదన్నా!"

"మోకాలికే ఆగనిది కొరమేనుకి ఆగుద్దా?" అన్నాడు మా బావ. ఆ ముక్కలు నా వైపు చూపించి, "చూశావా బామ్మర్దీ? ఇది నీ చేతిలో ఇరిగుంటే చానా పరువు తక్కువ. ఈడనే ఇరిగింది, నయం" అన్నాడు. నా పరువు కాపాడినందుకు ఆయనకి నేను దణ్ణం పెట్టాలన్నట్టు నిలబడ్డాడు. విరిగినదాని ఖరీదు ఆయనే కట్టాడు, ఆ మాట దాచను. కానీ కట్టాడు కాబట్టి ఇక దుకాణంలో నోరు ఆయనదే అయింది. అలాంటి రాడ్డు అక్కడ రెండోది లేదు. మోకాలికి వంగనివి రెండు దొరికాయి. అవి సముద్రంలో పెద్ద పెద్ద చేపలకి వాడేవని దుకాణదారు చెబుతూనే ఉన్నాడు. "ఇంకా మంచిది" అన్నాడు మా బావ. వాటికి బావి గిలకంత రీళ్ళు బిగించారు. నేను రెండు తేలికపాటి రబ్బరు కప్పలు తీసుకున్నాను. ఆయన మాత్రం గాజులు ఎంచే ఆడపిల్లలా కూర్చుని తళతళలాడే ప్లాస్టిక్ చేపలు ఎంచుకున్నాడు. ఒక్కోదాని పొట్ట కింద మూడేసి కొక్కేల గాలాలు వేలాడుతున్నాయి. నాచులో అవి ఏం చేస్తాయో నాకు తెలుసు. చెప్పలేదు. అడిగితే కదా చెప్పడానికి.

కుడి కాలువకి నీళ్ళు ఆపేశాక అక్కడక్కడా మడుగులు మిగులుతాయి. అలాంటి మడుగు దగ్గర తెల్లవారగానే నిలబడ్డాం. మెత్తటి రాడ్డయితే తేలికైన కప్ప బరువుకి కొస వెనక్కి వంగి, ఆ వంపుతో దాన్ని ముందుకు విసురుతుంది. ఈ ఇనుప గడ దేనికి వంగుతుంది? నేను ఎంత బలంగా విసిరినా కప్ప వచ్చి నా కాళ్ళ దగ్గరే పడింది. ఒకసారి ఒడ్డు మీదే పడింది. మా బావ ప్లాస్టిక్ చేప బరువైనది కాబట్టి దూరంగానే వెళ్ళింది, వెళ్ళిన ప్రతిసారీ బుట్టెడు నాచు తెచ్చింది. ఆ పూట మొత్తం ఆయన మడుగు శుభ్రం చేశాడు తప్ప ఒక్క చేపను కదిలించలేదు. అది ఎవరికీ తెలియదు. ఆయన చెప్పలేదు కాబట్టి. నా కప్ప సంగతి మాత్రం వాళ్ళ అన్నగారి గృహప్రవేశంలో, బంతిలో ఆకుల ముందు అందరం కూర్చుని ఉండగా గొంతెత్తి చెప్పాడు. "మా బామ్మర్ది రబ్బరు కప్పకి నడక నేర్పుతున్నాడయ్యా, ఒడ్డు మీద. నడక వచ్చాక ఈతలో దింపుతాడంట!"

బంతి బంతంతా నవ్వింది. సాంబారు వడ్డించేవాడు గరిటె ఎత్తి పట్టుకుని మరీ నవ్వాడు. ఆ నవ్వు చాలక నా ఆకులో ఒక్క ముక్క లేని నీళ్ళ సాంబారు పోశాడు. వాడు ఇప్పటికీ శుభకార్యాలకి వంట ఒప్పుకుంటున్నాడు. మా ఇంట్లో ఏ కార్యం జరిగినా వాడిని మాత్రం పిలవనివ్వను.

ఆ వారమే నేను ఒక్కడినే బస్సెక్కి వేరే దుకాణానికి వెళ్ళాను. అక్కడ బల్ల వెనక కూర్చున్నవాడు నన్ను పైనుంచి కిందికి చూసి "మనవడికా పెద్దాయనా?" అన్నాడు. అదీ గుర్తుంది. పిడి పైన సన్నటి అక్షరాలతో రాసినది చదివాను. ఆ రాడ్డు ఎన్ని గ్రాముల బరువు విసరగలదో అక్కడ ఉంటుంది. కొనేవాళ్ళలో ఎక్కువమంది రంగు చూస్తారు, ఆ అంకె చూడరు. తర్వాత దారం రింగుల్లోంచి పోనిచ్చి, చివర మా ఇంటి తాళంచెవుల గుత్తి కట్టి మెల్లగా పైకి ఎత్తాను. కొస వంగింది, నడుము కాస్త వంగింది, పిడి కదల్లేదు. రీలు చిన్నదే తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని తిప్పాను. గరగర లేదు. కప్పల్ని ఒక్కొక్కటిగా వేళ్ళ మధ్య నొక్కాను. నొక్కితే పొట్ట అణిగి గాలాలు బయటికి రావాలి. గట్టిగా ఉన్న కప్పని కొరమేను నమిలి ఉమ్మేస్తుంది గానీ దానికి తగులుకోదు. ఇవన్నీ చూస్తుంటే బల్ల వెనకవాడు మనవడి మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ రాడ్డుతో ఎన్నో ఉదయాలు ఉత్త చేతులతో తిరిగొచ్చాను. చివరికి ఒకరోజు అదే మడుగులో, తామరాకుల మధ్య కప్ప రెండు గెంతులు గెంతగానే నీళ్ళు బద్దలయ్యాయి. చప్పుడు వినగానే లాగితే చేప పోతుంది. ఊపిరి ఒకసారి వదిలి, దారం బిగుసుకున్నాక లాగాలి. అలాగే లాగాను. రాడ్డు విల్లులా వంగింది. మోకాలు పెట్టి విరగ్గొట్టిన దాని అన్నో తమ్ముడో అది. విరగలేదు. నా మోచేతి నుంచి వేళ్ళ దాకా పొడుగున్న కొరమేను ఒడ్డుకి వచ్చింది. చుట్టుపక్కల మనిషి లేడు. ఫోటో తీసుకోవాలని నాకు తట్టలేదు. నేను పట్టిన చేపకి సాక్ష్యం కావాలని ఎవడనుకుంటాడు?

మా ఇంట్లో ఒక ఆచారం ఉంది, మా అమ్మ పెట్టింది. కొరమేను ఎవరు తెచ్చినా, ఎక్కడ కోసినా, తలకాయ పెద్దల్లుడిది, అంటే మా బావది. ఎంత కోపమున్నా ఆచారం ఆచారమే. మా ఆవిడ చేపను బాగుచేసి కోసి పులుసు పెట్టి, తలకాయతో సహా సగం క్యారేజీలో సర్దింది. నేనే స్వయంగా ఈపూరు పట్టుకెళ్ళాను. నిజం చెప్పాలంటే తలకాయ ఇవ్వడానికి కాదు, ఆయన మొహం చూడటానికి. అక్క అందరికీ వడ్డించింది. ఆ పూట ఆయన పక్క పొలాల వాళ్ళిద్దరు కూడా భోజనానికి ఉన్నారు. మా బావ తలకాయని నిదానంగా, ఎముక ఎముకా విడదీసి, చప్పరించి, మీసం తుడుచుకున్నాడు.

"కొరమేను బాగానే ఎంచావు బామ్మర్దీ. ఏ బజార్లో కొన్నావు?"

"కొనలేదు. నేను పట్టాను."

"పట్టావులే, తొట్టిలో చెయ్యి పెట్టి!"

మా వైపు బజార్లో కొరమేనుల్ని బతికుండగానే నీళ్ళ తొట్టిలో వేసి అమ్ముతారు. ఆ ఇద్దరూ పొలమారేలా నవ్వారు. నేను పెరుగన్నం తినకుండా లేచాను. అక్క "ఒరేయ్, ఆగరా, పెరుగు వేస్తున్నా" అంటూనే ఉంది. చెయ్యి కడుక్కుని, ఖాళీ క్యారేజీ కూడా తీసుకోకుండా బస్టాండుకి నడిచాను. ఆ క్యారేజీ ఇప్పటికీ వాళ్ళింట్లోనే ఉంది. ఆ తర్వాత నేను పట్టిన చేపల్లో ఒక్క ముక్క ఈపూరు పొలిమేర దాటలేదు. కప్ప మాట నేను భరించగలను. ఆ రోజు కప్ప కాళ్ళ దగ్గర పడిన మాట నిజమే కాబట్టి. కానీ చేప నాది. నాది కాదన్న మాట ఆయన నోటితోనే వెనక్కి తీసుకోవాలి. అంతవరకూ మాటల్లేవని ఆ బస్సులోనే అనుకున్నాను.

పావుగంటయ్యాక నేనే వీడియో కాల్ చేశాను. "మీ నాన్న పక్కనే ఉన్నాడా?" అన్నాను.

"ఉన్నాడు మావయ్యా."

"అయితే ఆయన్నే అడగమను."

ఫోన్ చేతులు మారింది. మా బావ జుట్టు నెరిసింది, మీసం మాత్రం అలాగే ఉంది. "ఏంది బామ్మర్దీ, ఒక రాడ్డు చెప్పటానికి ఇంత బిగుసుకోవాలా?"

"ముందు ఆ చేప బజారుదో కాలువదో చెప్పు."

"ఏ చేప?"

"ఏ చేపో నీకు తెలుసు."

ఆయన దుకాణం పైకప్పు వైపు చూశాడు. వెనక ఎవరో ప్లాస్టిక్ చేపకి బేరమాడుతున్నారు. "కాలువదేలే" అన్నాడు చివరికి. "పై దవడకి గాలం దిగిన కంత ఉంది. తొట్టి చేపకి కంత యాడుంటది? తలకాయ నా కంచంలోనేగా పడింది. నోట్లో పెట్టుకోగానే తెలిసింది."

నా చేపకి సాక్ష్యం లేదని ఇన్నేళ్ళు కుమిలిపోయాను. ఆ సాక్ష్యాన్ని నేనే ఆచారం కొద్దీ క్యారేజీలో పెట్టి ఆయనకి మోసుకెళ్ళాను. ఆయన దాన్ని చూశాడు, చప్పరించాడు, తుక్కులో పారేశాడు. "తెలిసి కూడా ఆ మాట ఎట్టా అన్నావు బావా?" అన్నాను.

"సరదాకన్నా. పెరుగన్నంలోకి వచ్చాక చెబుదాంలే అనుకున్నా. నువ్వు పెరుగు దాకా ఉన్నావా అసలు?"

అంటే తప్పు నాది! తుడిచిన మీసం కింద ఈ సమాధానాన్ని ఎన్నాళ్ళ నుంచి ఊరబెట్టాడో. నేను నమ్మలేదు, ఇప్పటికీ నమ్మను. అయినా రాడ్డు సరైనదే చెప్పాను. గోడకి ఆ చివర, నీలం పట్టీ ఉన్నది. చిన్న రీలు, నొక్కితే అణిగే కప్పలు. ఇది ప్రేమ అనుకుంటారేమో, కాదు. తప్పుది చెబితే నా మాట విని చెడిపోయానని ప్రతి బంతిలో చెప్పుకుంటాడు. ఆ అవకాశం నేను ఆయనకి ఇవ్వదలచుకోలేదు. ఫోన్ మళ్ళీ మేనల్లుడి చేతికి వచ్చాక, "మీ నాన్నని దాని మీద మోకాలు పెట్టనివ్వకురా" అన్నాను. వెనక ఆయన నవ్వడం వినిపించింది. "ఈసారి తలకాయ మీ మావయ్యకే పంపిద్దాంలే" అంటున్నాడు. ఫోన్ పెట్టేశాను.

అప్పటి నుంచీ ఒకటే లెక్క వేసుకుంటున్నాను. ఆయన చెప్పింది అబద్ధమైతే నా కోపం న్యాయమైనదే, మాటల్లేకుండా పోయిన ఏళ్ళు దాని ఖాతాలో చెల్లుతాయి. నిజమైతే మాత్రం, ఆ ఏళ్ళన్నీ పోగొట్టుకున్నది, అన్నంలో పెరుగు కలుపుకునేంత సేపు నేను ఆగనందుకే.