సగం కుందేలు

నేను ఒక కుందేలును చంపాను. చంపాలని కాదు, బాగుచేద్దామనుకునే చంపాను. చివర్లో బతుకుతుందేమోనని మీరు ఆశ పెట్టుకోకుండా ముందే చెప్పేస్తున్నాను. నవ్వొచ్చిన చోట నవ్వండి, ఆ నవ్వంతా నా మీదే.

దాని పేరు బతాసా. ఆ పేరున్న పంచదార బిళ్ళలాగే తెల్లగా, గుండ్రంగా ఉండేది. అది మా చెల్లి గ్రేసీది. నర్సింగ్ చదవడానికి రాంచీ వెళ్తూ, హాస్టల్లో కుందేళ్ళను ఉండనివ్వరని జంషెడ్‌పూర్‌లో నాకు అప్పగించింది. "రోజూ వీడియో కాల్ చేత్తాను అన్నయ్యా. బాగా చూసుకో," అంది. బడిలో అరవైమంది పిల్లలకు లెక్కలు చెప్పేవాణ్ణి, ఒక్క కుందేలును చూసుకోలేనా అనుకున్నాను.

వేసవిలో ఒకరోజు దాని మెడ వెనక, ఎడమపక్కన తెల్లటి పొట్టు కనిపించింది. మా ఊళ్ళో కిటికీ మీద, కంచం మీద, మనిషి మీద ఏం కనబడినా కార్ఖానా దుమ్మనేయడం అలవాటు. గుడ్డతో దులిపాను. మర్నాడు మళ్ళీ ఉంది. ఇంట్లో ఇంకెక్కడా లేని దుమ్ము దీని ఒక్కదాని మెడ మీదే ఎందుకు పడుతోందని ఆలోచించలేదు, చూడండి నా తెలివి. వారం తిరిగేసరికి అక్కడ బొచ్చు ఊడి, రూపాయి బిళ్ళంత బోడి మచ్చ తేలింది.

"అన్నయ్యా, బతాసా కో దిఖావో," అంది చెల్లి ఫోన్లో.

కుడిపక్క చూపించాను.

"దూసరా సైడ్?"

"పడుకుంది. కదిపితే లేసిపోద్ది."

అలా మూడు వారాలు నా చెల్లెలు సగం కుందేలునే చూసింది.

పశువుల డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చు కదా అంటారా? బుట్టలో కుందేలుతో ఆటోలో వెళ్తుంటే నా విద్యార్థులు చూస్తే? ఆ పరువు కోసమే కాసిడీహ్‌లో మందుల షాపుకి వెళ్ళాను. షాపాయన అప్పారావు గారు శ్రీకాకుళం మనిషి. ఆయన చెవిన ఏ మాట పడినా ఆదివారానికల్లా మా చర్చి మొత్తానికి తెలిసిపోతుంది, కుందేలు జబ్బు సంగతైతే అక్కణ్ణుంచి చెల్లికి కూడా.

"ఏటి కావాల మాస్టారూ?"

"దురద మందండి."

"ఎవులికి?"

"నాకే."

"ఎక్కడ?"

"మెడ ఎనక. పొట్టు రాల్తంది. జుట్టు కూడా ఊడిపోతంది."

ఆయన నా ఒత్తైన జుట్టును తేరిపార చూశాడు. "ఊడినట్టు నేదే?"

"లోపల్లోపల ఊడతందండి."

"గోక్కుంటన్నారా?"

"ఎనక కాళ్ళతో" అనబోయి నాలిక కరుచుకున్నాను.

ఆయన ఒక ట్యూబు తీసి ఇచ్చాడు. "మందంగా రాయండి. నోట్లోకి ఎల్లకండా చూసుకోండి."

"మెడ ఎనక్కి నోరెలా అందుతాదండీ?"

ఇద్దరం నవ్వుకున్నాం. కుందేలు వెనక కాళ్ళతో మెడ గోక్కున్నాక ఆ కాళ్ళను నాకుతుందని, రోజూ ఎదురుగా కూర్చుని కూడా నేను గమనించలేదు.

మందు రాసిన మూడో రోజున బతాసా మేత ముట్టలేదు. కొత్తిమీర పెట్టినా ముఖం తిప్పుకుంది. పెంటికలు కూడా ఆగిపోయాయి. ఎండ వల్లేమోనని ఇంకో రోజు చూశాను. ఈలోగా నా మోచేతులు దురదపెట్టాయి. నా దురదకు మాత్రం ఆ పూటే మనుషుల డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. "ఇంట్లో జంతువుందా? అయితే ముందు దాన్ని చూపించండి," అని ఆయనే పశువుల డాక్టరు దగ్గరికి పంపాడు.

పశువుల డాక్టరమ్మ బొచ్చు పాయ తీసి, భూతద్దం నా చేతికిచ్చింది. "ఆ పొట్టు కదులుతోంది, చూడండి," అంది హిందీలో.

నిజంగానే కదులుతోంది.

"ఇవి పురుగులు. మొదట్లోనే తెచ్చుంటే రెండు మూడు ఇంజెక్షన్లతో పోయేవి. దీనికేమైనా రాశారా?"

ట్యూబు చూపించాను. చదివి పక్కన పెట్టింది. "ఇది మనుషులది. కడుపులోకి వెళ్ళింది. కుందేలు మేత మానేస్తే ఆ రోజే తీసుకురావాలి."

సెలైన్ ఎక్కించింది, చేయగలిగిందంతా చేసింది. మర్నాడు ఉదయం బతాసా నా ఒళ్ళో తువ్వాలులోనే పోయింది. ముప్పై రెండేళ్ళవాణ్ణి, వెక్కివెక్కి ఏడ్చాను.

చెల్లికి నేనే కాల్ చేసి, దుమ్ము దగ్గర్నుంచి ట్యూబు దాకా అంతా చెప్పాను.

"కబ్ సే?" అంది.

"నెల్రోజుల్నుంచి."

"రోజూ కాల్ చేసాను కదా అన్నయ్యా."

ఆ రాత్రే కాగితం, కలం తీసుకుని కూర్చున్నాను.

అందుచేత సమస్త ప్రాణికోటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా సంరక్షణలో ఉన్న ఏ జీవికి పొట్టు రాలినా, బొచ్చు ఊడినా ఆ రోజే బుట్టలో పెట్టుకుని, ఊరంతా చూసేలా పశువుల డాక్టరు దగ్గరికి తీసుకువెళతాను. దాని జబ్బు నాదని ఏ షాపులోనూ చెప్పను.

ఇది కాగితం మీద రాసి గ్రేసీకి ఫోన్లో చదివి వినిపించాను. అంతా ఓపిగ్గా వింది.

"మంచిదే అన్నయ్యా," అంది. "మగర్ నీ దగ్గర ఇంకే జీవినీ ఒగ్గి ఎల్లను."