అల్లినవాడే ముందెక్కాలి

సోమశిల గట్టున ఒకప్పుడు పుట్టి పడవలు అల్లే కొట్టాలు వరసగా ఉండేవి. వెదురు బద్దలు చీల్చడం, గుండ్రంగా తట్టలా అల్లడం, పైన పట్టా బిగించి తారు పూయడం, అంతా బంధువులైన నాలుగైదు ఇళ్లవాళ్లదే పని. ఇప్పుడు హెన్రీ కొట్టం ఒక్కటే మిగిలింది. అందులోనూ మేకల్ని కట్టేస్తున్నారు.

ఆ ఇళ్లల్లో ఒక కట్టుబాటు ఉంది. పుట్టి అల్లినవాడే ప్రార్థన చేసి, అందరికంటే ముందు దాన్నెక్కి నీళ్ల మీదికి పోవాలి.

"మునిగితే నేనే ముందు మునగాల. అప్పుడే గదా కొనేవోడికి నమ్మకం" అనేవాడు హెన్రీ నాతో.

మొన్న వేసవిలో ఆయన అల్లుడు దయాసాగర్ ఫైబర్ పడవ తెచ్చుకున్నాడు. లారీలో వచ్చింది. దాన్ని నీళ్లలోకి దించే రోజు హెన్రీ ఇల్లు కదలకూడదనుకున్నాడు. దయాసాగర్ సొంత చెల్లెలి కొడుకే, చనువెక్కువ. వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"నువ్వెక్కకుండా నీళ్లలోకి తొయ్యను మామా."

"నేను చేసిందా పెట్టిందా? నేనెందుకురా ఎక్కేది?"

"చేసినోడెవుడో నాకేం తెలుసు. నువ్వుండావు గదా."

గౌరవంతోనే పిలిచాడు. కాదంటే కూతురు రూబీ చిన్నబుచ్చుకుంటుంది. పడవలో ఏదో లోపముందని గట్టు మీద జనం అనుకుంటారు. హెన్రీ వెళ్లాడు. తల మీది తువ్వాలు తీసి, "ప్రభువా, చుక్క నీరు లోపలికి రానీబాక" అని అందరికీ వినపడేలా ప్రార్థించి ఎక్కాడు.

దయాసాగర్ తెడ్డు వేస్తున్నాడు. ముందు కూర్చున్న హెన్రీ చెయ్యి అంచుల వెంట, కాళ్ల కింద తడుముతూ పోయింది. పొడిగా ఉంది. మళ్లీ తడిమాడు.

"ఏంది మామా, చెమ్మ తగల్తదేమోనని చూస్తుండావా? ఇది నీ తారు పుట్టి గాదు."

గట్టుకొచ్చాక దయాసాగర్ ఆ మాటే అందరికీ చెప్పి నవ్వించాడు. "ఇన్నేళ్ల అలవాటు, యాడికి పోతాది" అన్నారెవరో.

అలవాటు కాదు. తను అల్లిన పుట్టిలో పొడి తగిలితే ఆయన మనసు కుదుటపడేది. ఆ రోజు పొడి తగిలేకొద్దీ కుంగింది. ప్రార్థన చేసిన నోటితోనే, కూతురింటికి కూడు పెట్టే పడవలోకి నీళ్లు రావాలని లోపల కోరుకున్నాడు. ఈ మాట నాకు చెప్పేటప్పుడు ఆయన నా వైపు చూడలేదు.

రూబీ నవ్వలేదు. భోజనాల దగ్గర నాయనకు కూర వడ్డిస్తూ, పక్కవాళ్లకు వినపడకుండా అడిగింది.

"చెమ్మ దొరికిందా నాయనా?"

"లేదమ్మా. వాడికి చెప్పబాక" అన్నాడు.

"చెప్పనులే. తిను."

ఆయన చెయ్యి విస్తట్లోనే ఉండిపోయింది.